నోరులేని జీవికి వంట చేసే చేతులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలు పూర్తి చేసుకున్న పాఠశాల ఉత్సవంలో, ఆ పాఠశాల నుంచి వెళ్లి ఉన్నత పదవులను అలంకరించిన వారిని స్మరించుకోవడం ఆచారం. అది ధర్మం కూడా. వైద్యులను, ఇంజనీర్లను, అధికారులను ఈ వేదిక ఉచిత రీతిని సత్కరించింది. ఈ ప్రసంగం మాత్రం సత్కారాల జాబితాలో పేరు లేని ఒక పూర్వ విద్యార్థిని వృత్తిని గురించినది. ఆమె తన ఇంట్లోనే కుక్కలకు బిస్కెట్లు తయారుచేసి అమ్ముతుంది. ఈ మాట విని కొందరికి నవ్వు రావచ్చు. ఆమె అత్తగారికి కూడా మొదట నవ్వే వచ్చింది. తన పేరు సభలో చెప్పవద్దని ఆమె కోరింది. ఆ కోరికను మన్నించి, ఆమె చేసిన పనిని మాత్రమే ఇక్కడ ప్రస్తావించడం జరుగుతుంది.

ఆమె హోసూరు ప్రాంతంలో పుట్టి, ఈ పాఠశాలలో 10వ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, అక్కడికి సమీపంలోనే ఇల్లాలైంది. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు భర్త పనిచేసే కర్మాగారంలో పనిదినాలు తగ్గి, జీతం సగానికి దిగింది. చదువుకొనే పిల్లలు ఇద్దరు. ఆ రోజులలోనే ఆ పిల్లలు వానలో తడుస్తున్న ఒక వీధికుక్క పిల్లను ఇంటికి తెచ్చారు. టీలో ముంచుకొనే తీపి బిస్కెట్లు దానికి అలవాటు చేశారు. నెల తిరగకముందే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. పశువైద్యులు చూసి, చక్కెర, ఉప్పు, మైదా కలిసిన మనుషుల బిస్కెట్లు మాన్పించమన్నారు. అయితే పిల్లలు పెట్టక మానరు, కుక్కపిల్ల అడగక మానదు. అప్పుడామె రాగిపిండిలో ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు కలిపి, పెళ్లిరోజుకు తమ్ముడు కొనిచ్చిన చిన్న విద్యుత్ ఓవెన్‌లో బిళ్లలుగా కాల్చింది. కుక్కపిల్ల ఇష్టంగా తిన్నది, దాని కడుపు కూడా కుదుటపడింది. పక్కింటివారు తమ కుక్కకు కొన్ని అడిగారు. బెంగుళూరులో ఉన్న వారి బంధువులు డబ్బిచ్చి అడిగారు.

“ఏమ్మా, మనం సంగటి చేసుకొనే రాగులతో కుక్కలకు బిస్కత్తులా? దుడ్డిచ్చి కొనేవాళ్లు గూడా ఉంటారా?” అన్నది అత్తగారు.

“ఉన్నారత్తా, నాలుగు పొట్లాలు అడిగినారు” అన్నది కోడలు.

వృత్తి ఆ నాలుగు పొట్లాలతో మొదలైంది.

కుక్కకు బిస్కెట్టు అన్నది నిన్నమొన్నటి వింత కాదు. అమెరికా నుంచి ఇంగ్లండుకు వెళ్లి పిడుగు కడ్డీలు అమ్ముకొనే జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి, నావికులు పారవేసిన గట్టి బిస్కెట్లను రేవులో కుక్కలు ఆత్రంగా తినడం చూశాడని చెబుతారు. 1860 దశకంలో అతడు లండన్‌లో గోధుమలు, కూరగాయలు, మాంసం కలిపి శునకాల కోసం ప్రత్యేకంగా బిస్కెట్లు తయారుచేయించి అమ్మాడు. ఆ సంస్థలో ఉద్యోగిగా పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్, 1891లో తన పేరుతో లండన్‌లో శునక ప్రదర్శనను ప్రారంభించాడు. అది నేటికీ లోకప్రసిద్ధం. తరువాత పెద్ద యంత్రాలు, పెద్ద కర్మాగారాలు వచ్చాయి. 1989లో అమెరికాలోని కాన్సస్ సిటీ నగరంలో డాన్ డై, మార్క్ బెక్లాఫ్ అనే ఇద్దరు మిత్రులు తాము పెంచుకొంటున్న కుక్కల కోసం ఇంటి వంటగదిలో బిస్కెట్లు కాల్చడం మొదలుపెట్టి, దానినే శునకాల బేకరీగా పెంచారు. కర్మాగారానికి వెళ్లిన వంట మళ్లీ ఇంటి పొయ్యికి తిరిగి రావడం అక్కడ కనిపిస్తుంది.

తెలుగువారికి కూడా కుక్కతో అనుబంధం పాతదే. తమిళనాడులో తెలుగు రాజుల వంశాలు స్థిరపడిన రాజపాళయం పేరుమీదనే ఒక వేటకుక్కల జాతి ప్రసిద్ధి పొందింది. 2005లో భారత తపాలా శాఖ నాలుగు దేశీయ శునక జాతులపై తపాలా బిళ్లలు విడుదల చేసినప్పుడు, కర్ణాటకకు చెందిన ముధోల్ కుక్కతోపాటు రాజపాళయం కుక్క బొమ్మ కూడా అందులో ఉన్నది. ఇక పల్లెలలో నాటు కుక్కలు ఇంట మిగిలిన సంగటి, గంజి, రొట్టె తినే పెరిగాయి. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన దీనికి కారణం చూపింది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో కంటే కుక్కలో ఎక్కువ ప్రతులుగా ఉంటుంది. మనిషి ధాన్యం తినడం మొదలుపెట్టాక, అతని ముంగిట్లో మసలిన జంతువు దేహం కూడా ఆ ధాన్యానికి అలవాటుపడిందన్న మాట. కనుక రాగిపిండి బిస్కెట్టు కుక్కకు పరాయి తిండి కాదు. అయితే అది చిరుతిండి మాత్రమే. మాంసకృత్తులు, కొవ్వు, సున్నం సమపాళ్లలో ఉండే పూర్తి భోజనానికి అది బదులు కాదు.

తయారీ విధానం వినడానికి సులభం. రెండు పాళ్లు రాగిపిండి, ఒక పాలు జొన్నపిండి, ముద్ద కావడానికి సరిపడినంత ఉడికించిన గుమ్మడి లేదా చిలగడదుంప గుజ్జు, ఒకటి రెండు గుడ్లు, కొద్దిగా నూనె. చక్కెర లేదు, బెల్లం లేదు, ఉప్పు లేదు, సోడా లేదు. ముద్దను చపాతీకంటె మందంగా, అర సెంటీమీటరు దళసరిగా ఒత్తి, అచ్చుతో కోసి, 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట కాల్చాలి. ఇంతటితో పని అయిందనుకుంటే పొరపాటు. ఆ తరువాత వేడిని 100 డిగ్రీలకు తగ్గించి, గంటో గంటన్నరో ఆరబెట్టాలి. బిస్కెట్టు అనే మాటకు మూలార్థమే రెండుసార్లు కాల్చినదని. మొదటి కాల్పు ఉడికించడానికి, రెండవది తడిని వెళ్లగొట్టడానికి. పైకి గట్టిగా కనిపించినా, విరిచి చూస్తే లోపల మెత్తదనం ఉన్నంతవరకు అది నిలవ ఉండే వస్తువు కాదు. ఆరిన బిస్కెట్లను జల్లి పళ్లెంపై పూర్తిగా చల్లార్చాకనే పొట్లం కట్టాలి.

ఆమె పొట్లంపై మొదట “సహజమైన చిరుతిండి” అని వ్రాయించింది. కొనేవారు ఆ మాటనే ఇష్టపడ్డారు. మందులు లేవు, రంగులు లేవు, కృత్రిమమైన వాసనలు లేవు అన్న ధైర్యం ఆ మాటలో వారికి కనిపించింది. ఈ మాటను ఇక్కడ కొంచెం పరీక్షించవలసి ఉన్నది. ఎందుకంటే సహజమైనదంతా హితమైనది కాదు. ఉల్లి సహజమే, వెల్లుల్లి సహజమే. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను విచ్ఛిన్నం చేసి రక్తహీనత కలిగిస్తాయి. కోకో గింజ చెట్టున కాసినదే, అయినా దానిలోని థియోబ్రోమిన్‌ను కుక్క దేహం త్వరగా విసర్జించలేదు గనుక చాక్లెట్ దానికి విషం. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దీనికి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చునని ఇటీవలి సంవత్సరాలలో పశువైద్యులు గుర్తించారు. అదే ఆమ్లం పుష్కలంగా ఉన్న చింతపండు తిన్న కుక్కలకు కూడా అటువంటి జబ్బే చేసిందని 2022లో ప్రచురితమైన ఒక వైద్యపత్రం తెలిపింది. పులిహోర, పులుసు, చారు లేనిదే పూటగడవని ఇళ్లలో ఈ సంగతి ప్రతివారూ గుర్తుంచుకోదగినది. చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కొన్ని రకాల వేరుసెనగ వెన్నలో, చక్కెర లేని మిఠాయిలలో ఉంటుంది. మనిషికి హాని చేయని ఆ పదార్థం కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే ప్రమాదకరంగా పడగొట్టగలదు, కాలేయాన్ని కూడా చెడగొట్టగలదు.

అన్నిటికంటె సహజమైనది బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వెదకగా, వాటి మేతలో వాడిన వేరుసెనగ పిండిలో బూజు పుట్టించిన విషం బయటపడింది. అదే అఫ్లటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో ఒక విధమైన కామెర్ల జబ్బు వ్యాపించి వందమందికి పైగా మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, కోతల సమయంలో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చారు. ఆ గ్రామాలలో అదే మొక్కజొన్న తిన్న కుక్కలకు కూడా అదే జబ్బు వచ్చింది. ఒకే గింజ, ఒకే విషం, ఒకే జబ్బు. ఈ విషం బిస్కెట్లు కాల్చే వేడికి నశించదు. బూజును చాకుతో గీకి పారవేసినా లోపలికి దిగిన విషం పోదు. కనుక వేరుసెనగ కొనేటప్పుడు ముడుతలుపడిన, రంగు మారిన గింజలను ఏరివేయడం ఆ వృత్తిలో మొదటి పాఠం. అనుమానం ఉన్న గింజ మనిషికి పనికిరాకపోతే కుక్కకూ పనికిరాదు. “ఇది ఎలాగూ కుక్కలకే గదా” అన్న మాట ఆ వంటింట్లో వినిపించకూడదు.

ఆ మాట వినిపించిన రోజు ఒకటి వచ్చింది. వృత్తి మొదలైన రెండవ సంవత్సరం, అక్టోబరు నెల. ఈశాన్య ఋతుపవనాల వాన వారం రోజులుగా విడవలేదు. బెంగుళూరు నుంచి 60 పొట్లాలకు ఒకేసారి అడుగు వచ్చింది. ఒక్కొక్క పొట్లం 200 గ్రాములు, ధర 120 రూపాయలు. అంత పెద్ద అడుగు అంతకు ముందు రాలేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. రాత్రంతా మేలుకొని కాల్చినా ఆరబెట్టే సమయం చాలలేదు. చివరి పళ్లేలు పూర్తిగా చల్లారకుండానే పొట్లాలు కట్టి ఉదయం బస్సులో పంపించింది. తొమ్మిదవ రోజున, ఇంటి కుక్క కోసం ఉంచుకొన్న ఒక పొట్లం విప్పితే రెండు బిస్కెట్ల అంచున ఆకుపచ్చని మచ్చలు కనిపించాయి.

ఆ మచ్చలు ఆమెకు కొత్త కాదు. ఈ పాఠశాలలో 8వ తరగతి విజ్ఞానశాస్త్రపు గదిలో, కిటికీ పక్క బల్లమీద రెండు గిన్నెలు ఉంచడం చాలా ఏళ్లుగా జరుగుతున్న ప్రయోగం. ఒక గిన్నెలో నీళ్లు చిలకరించిన రొట్టెముక్క, మరొక గిన్నెలో ఎండిన రొట్టెముక్క. వారం రోజులు పిల్లలు వరుసగా చూసి నోటుపుస్తకంలో బొమ్మ గీస్తారు. తడి ముక్కపై మొదట తెల్లని దూది, తరువాత ఆకుపచ్చ, నలుపు. ఎండు ముక్క వారం తరువాత కూడా ఎండు ముక్కే. శిలీంధ్రం అనే మాట, దానికి తేమ కావాలన్న సంగతి అప్పుడు వ్రాసుకొన్నవే. వేడి పొట్లంలోని ఆవిరి నీటిబొట్లుగా మారి, చిలకరించిన నీటి పని చేసిందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇంట్లో మాటలు రకరకాలుగా సాగాయి. ఒక పొట్లం చెడితే 60 చెడినట్లా అన్నారు ఒకరు. కొన్నవారు ఇప్పటికే పెట్టేసి ఉంటారు, ఇప్పుడు చెప్పి పేరు పోగొట్టుకోవడం ఎందుకని మరొకరు. “కుక్క వచ్చి చెప్పబోతుందా?” అన్నారు ఇంకొకరు. అన్న వారెవరూ చెడ్డవారు కారు. ఆ నెల పిల్లల బడి ఖర్చు కళ్లముందు ఉన్నది. 60 పొట్లాల సొమ్ము 7,200 రూపాయలు.

ఏ పొట్లం ఏ పళ్లెంలోదో వ్రాసి పెట్టుకోలేదు గనుక, చెడినవి ఇన్నే అని చెప్పే వీలు ఆమెకు లేదు. వ్రాసి ఉంటే చివరి పళ్లేలవి పదో పదిహేనో వెనక్కు పిలిస్తే సరిపోయేది. ఆ రాత్రి కొన్నవారందరికీ టెలిఫోను చేసింది. పొట్లాలన్నీ పారవేయండి, గీకి పెట్టవద్దు, పూర్తి సొమ్ము తిరిగి పంపుతాను, ఇప్పటికే తిన్న కుక్కకు వాంతులు గాని, నీరసం గాని ఉంటే వైద్యునికి చూపించండి అని చెప్పింది. ఒక ఇంటి కుక్క రెండు రోజులుగా వాంతులు చేసుకొంటున్నదని అప్పుడు తెలిసింది. అది కోలుకున్నది. ఆ ఇంటివారు మళ్లీ ఆమె దగ్గర కొనలేదు. మరికొందరు కూడా మానుకున్నారు. మిగిలినవారు కొంటూనే ఉన్నారు. సొమ్ము తిరిగి ఇవ్వడానికి రెండు నెలలు పట్టింది. సత్యం చెప్పినందుకు వెంటనే బహుమానం లభించిందని చెప్పడానికి ఈ సంఘటనలో ఆధారం లేదు. నష్టం నష్టమే. అయితే ఆ రెండు నెలలలో ఆమె పని చేసే విధానం మారింది.

ఇప్పుడామె దగ్గర ఒక గీతల పుస్తకం ఉన్నది. ప్రతి కాల్పుకూ ఒక అంకె. ఆ అంకె కింద తేదీ, పిండి కొన్న అంగడి, కొన్న రోజు, కాల్చిన సమయం, ఆరబెట్టిన సమయం, కొన్నవారి పేర్లు. అదే అంకె పొట్లంమీద కూడా ఉంటుంది. ప్రతి కాల్పులోనూ రెండు బిస్కెట్లు సీసాలో ఉంచి నెలరోజులు గమనిస్తుంది. బరువు చూసి ఆరుదల తెలుసుకొంటుంది. పళ్లెం బరువు మరో అరగంట ఆరబెట్టినా తగ్గకపోతేనే తడి పోయినట్లు. వాన రోజులలో అడిగినంత చేయదు. చేయగలిగినంత చేసి, మిగిలినవారికి వచ్చే వారం అని చెబుతుంది.

రెండవ మార్పు పొట్లంమీది వ్రాతలో వచ్చింది. చిరుతిండి రోజువారీ ఆహారశక్తిలో పదోవంతుకు మించరాదని పశువైద్యులు సాధారణంగా చెప్పే నియమం. దానిని లెక్కకట్టే పద్ధతి పాఠశాల గణితానికి అందనిది కాదు. కుక్క బరువును కిలోలలో తీసుకొని, దాని ఘనానికి వర్గమూలం, ఆ వర్గమూలానికి మళ్లీ వర్గమూలం కనుగొని, 70తో గుణిస్తే, విశ్రాంతిగా ఉన్న కుక్కకు కావలసిన కిలోకేలరీలు వస్తాయి. ఇంటిలో తిరుగాడే సాధారణమైన పెద్ద కుక్కకు దానిని 1.6తో గుణించాలి. 15 కిలోల నాటు కుక్కకు రోజుకు సుమారు 850 కిలోకేలరీలు. అందులో పదోవంతు 85. ఎనిమిది గ్రాముల బిస్కెట్టులో సుమారు 30 ఉంటాయి. అంటే రోజుకు రెండు, మహా అయితే మూడు. 5 కిలోల చిన్న కుక్కకు ఒక్కటే. ఈ లెక్కను ఆమె పొట్లంమీద ఇంగ్లీషు, కన్నడ, తెలుగు భాషలలో అచ్చు వేయించింది. తక్కువ పెట్టండి అని అమ్మేవారే వ్రాయడం వ్యాపారానికి మంచిది కాదని హితవు చెప్పినవారు ఉన్నారు. ఆమె ఆ పంక్తిని తీయలేదు. “సహజమైన” అన్న మాటను మాత్రం తీసివేసి, దాని స్థానంలో కలిపిన పదార్థాలన్నిటినీ వరుసగా వ్రాయించింది.

ఈ వృత్తిని చేపట్టదలచిన తల్లులు ఈ సభలో ఉండవచ్చు గనుక లెక్క కూడా చెప్పడం అవసరం. ఆమె పుస్తకం ప్రకారం ఒక కిలో బిస్కెట్లకు, అంటే ఐదు పొట్లాలకు, పిండి, గుడ్లు, దుంపలకు 160 రూపాయలు, కరెంటుకు 40, పొట్లాలు, చీటీలకు 60, పంపడానికి 80, చెడిపోయే సరుకు, ఓవెన్ అరుగుదల, పరీక్షల నిమిత్తం 60. మొత్తం 400. అమ్మకం 600. మిగులు 200. మొదటి సంవత్సరం ఆమె దీనిని లాభమని వ్రాసుకున్నది. తరువాత ఒకనాడు 10వ తరగతి చదివే కుమార్తె పుస్తకం చూసి, “అమ్మా, నీ కూలి ఎక్కడ వ్రాసినావు?” అని అడిగింది. ఒక కిలోకు నాలుగు గంటల పని. గంటకు 50 రూపాయలు. అది లాభం కాదు, కూలి. ఇంటి ఆడవారి శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం చిన్న వ్యాపారాలన్నిటిలోనూ జరిగే పొరపాటే. తరువాత పెద్ద ఓవెన్ కొని, ఒకేసారి నాలుగు కిలోలు కాల్చడం మొదలుపెట్టాకనే గంటకు వచ్చే సొమ్ము పెరిగింది. కుటుంబాన్ని అది ఒక్కటే పోషించదు. పిల్లల చదువుకు మాత్రం ఆధారమైంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2006 నాటి ఆహార భద్రతా చట్టం మనుషులు తినే ఆహారానికి సంబంధించినది. పశువుల మేత దాని నిర్వచనంలోకి రాదు. కుక్కల, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 11968 అనే ప్రమాణాన్ని రూపొందించింది. పొట్లం కట్టి అమ్మే వస్తువుపై తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, గరిష్ఠ ధర ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. చిన్న పరిశ్రమల వారికి 2020 జూలై నుంచి ఉద్యం నమోదు పద్ధతి ఉన్నది. నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక ప్రారంభించే ముందు స్థానిక కార్యాలయంలోనూ, పన్నుల విషయమై తెలిసినవారి వద్దనూ విచారించడం మంచిది.

చట్టం ఎంత ఉన్నా, దాని కన్ను చేరని చోటు ఒకటి ఉంటుంది. 2007లో అమెరికాలో వేలాది కుక్కలు, పిల్లులు మూత్రపిండాల జబ్బుతో బాధపడ్డాయి, ఎన్నో చనిపోయాయి. చైనా నుంచి దిగుమతి అయిన గోధుమ జిగురులో మెలమిన్ అనే రసాయనం కలిపినట్లు తేలింది. మాంసకృత్తులను కొలిచే సాధారణ పరీక్ష నిజానికి నత్రజనిని కొలుస్తుంది. మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. కనుక పరీక్షలో నాసి సరుకు మేలైన సరుకుగా కనిపించింది. మరుసటి సంవత్సరం, 2008లో, అదే రసాయనం చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. సుమారు మూడు లక్షల మంది శిశువులు జబ్బుపడ్డారు, ఆరుగురు మరణించారు. కుక్కల గిన్నెలో మొదట కనిపించిన మోసమే తరువాత పాలసీసాలోనూ కనిపించింది. ఆ రెండు గిన్నెలకూ పోలిక ఉన్నది. తినే ప్రాణి చీటీ చదవలేదు, రుచి తేడాగా ఉన్నదని ఫిర్యాదు చేయలేదు. పెట్టిన చేతిని నమ్మి తింటుంది.

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నన్నయభట్టారకుడు చెప్పిన సరమ కథ తెలుగు పిల్లలకు పరిచితమే. జనమేజయుని యజ్ఞశాలలో ఆడుకొంటున్న కుక్కపిల్లను అతని తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టారు. తల్లి సరమ రాజు సమక్షానికి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. రాజు వద్ద సమాధానం లేదు. ఆ కథలో సరమకు మాట వచ్చు. వాస్తవ లోకంలో ఏ సరమా వచ్చి అడగదు. అడిగేవారు లేనప్పుడు కూడా అడిగినట్లే నడచుకోవడం ఆ కథ పెద్దలకు పెట్టిన పరీక్ష.

తెలుగు నేలకు దూరంగా తెలుగు మాధ్యమంలో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులకు ఒక బెంగ ఉన్నది. ఈ చదువు రేపు కూడు పెడుతుందా అన్నది ఆ బెంగ. అది అర్థంలేనిది కాదు. ఈ ఇల్లాలు పొట్లంమీద ఇంగ్లీషు వ్రాత కోసం నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు వారాలు కష్టపడింది. కన్నడానికి పొరుగువారి సాయం తీసుకొన్నది. ఆ కష్టం లేదనడం సత్యం కాదు. అయితే ఆకుపచ్చని మచ్చ చూడగానే అదేమిటో, ఎందుకు వచ్చిందో ఆమెకు తెలిసింది తన భాషలో, తన కళ్లతో చూసి గ్రహించిన పాఠం వల్లనే. వర్గమూలం అన్న మాటకు భయపడకపోవడం కూడా ఈ బడి గదులలో వచ్చినదే. భాష ఏదైనా, పిల్లవాడు అర్థం చేసుకొని నేర్చిన విషయం అతనితో ఇంటికి వస్తుంది. బట్టీపట్టినది పరీక్ష హాలులోనే ఉండిపోతుంది.

ఉపాధ్యాయ సోదరీసోదరులకు ఒక మనవి. ఆ రెండు గిన్నెల ప్రయోగాన్ని సమయం లేదనే కారణంతో ఈ మధ్య కొన్ని సంవత్సరాలు చేయించకుండా, బల్లమీద బొమ్మ గీసి వదిలివేయడం జరిగింది. వచ్చే విద్యాసంవత్సరం నుంచి 8వ తరగతి కిటికీ పక్కన ఆ గిన్నెలు మళ్లీ కనిపించాలి. జూబిలీ సందర్భంగా కట్టబోయే కొత్త గదుల కంటె అదేమీ తక్కువ అవసరం కాదు.

ఆ ఇల్లాలు నేటికీ వారానికి 12 కిలోలకు మించి చేయదు. ఆనాడు వానలో వచ్చిన కుక్కపిల్ల ఇప్పుడు పెద్దదై, ప్రతి కాల్పులోనూ మొదటి బిస్కెట్టు తనదేనని పళ్లెం పక్కన వచ్చి కూర్చుంటుంది. అత్తగారు వేరుసెనగలు ఏరడంలో ఇంట్లో అందరికంటె కఠినంగా ఉంటారు. మచ్చ ఉన్న గింజ కనిపిస్తే, “తీసెయ్యమ్మా, నోరులేనిది తింటుంది” అంటారు.

 పాఠశాల శతవార్షికోత్సవానికి ఈ పిల్లలందరూ పెద్దలై విచ్చేయాలని ఆశిస్తూ, సెలవు.